సెకండ్సు

శనివారం తెల్లారుజామున మదనపల్లె బస్టాండులో
షంషాద్ నా సంచిలోంచి కాలుక్యులేటర్ లాక్కుంది.
"ఈ రెండు దినాలు నువ్వు లెక్క రాయగూడదు."
పద్దెనిమిదేండ్లు మండీలో పట్టీలు రాసిన చెయ్యి
ఏం చెయ్యాలో తెలియక
చింతామణి దాకా టికెట్టును మడతలు పెడతానే ఉంది.

కె.ఆర్.పురంలో దిగి మెట్రో ఎక్కినాం.
నిలబడే నాకు ఫ్రెంచి నేర్పింది షంషాద్.
మెర్సీ అంటే థాంక్స్. బోఁజూర్ అంటే నమస్తే.
బోఁజూర్, బోఁజూర్ అనుకుంటా ఉంటే
వాయల్పాడు దగ్గరి ఏదో పల్లె పేరు మాదిరి ఉంది.

వసంతనగర్‌లో పాత బంగళా,
మెట్ల మీద రాలిన ఆకాశమల్లెలు.
లోపల నూరేండ్ల నాటి ఫ్రెంచి బొమ్మలు.
అసలువి కావు, అచ్చులు అని
బోర్డు మీదే రాసిపెట్టినారు. ఆ నిజాయితీ నచ్చింది.

మొదటి గదిలో నది.
రెండో గదిలో తల తుడుచుకుంటున్న ఆడమనిషి,
వీపు మాత్రమే కనిపిస్తా ఉంది.
"పాపం, నీళ్ళు చల్లారిపోయుంటాయి" అన్నా.
షంషాద్ నవ్వింది, వాచ్‌మన్ ఉష్ అన్నాడు.

మూడో గదిలో కాళ్ళు ఆగిపోయినాయి.
ఒక బల్ల. నలిగిన తెల్లగుడ్డ. తొమ్మిది పండ్లు.
బల్ల ఇటు వాలి ఉంది,
పండ్లు జారి నా కొంగులో పడేట్టున్నాయి.
కంటితోనే తూకం పడింది: కిలోంబావు, మహా అయితే ఒకటిన్నర.
అంచున ఉన్నదానికి మచ్చ,
రూపాయి బిళ్ళలో సగం.
మా మండీలో అయితే అది సెకండ్సు,
చెయ్యి దానంతటదే లేచి పక్క బాక్సులోకి విసిరేస్తాది.
ఈయన తీసెయ్యలేదు.
తీసెయ్యకపోగా
మిగతా ఎనిమిదింటి కంటే దాని దగ్గరే
ఎక్కువసేపు కూర్చున్నట్టుంది.
మచ్చ చుట్టూ పసుపు, పసుపు చుట్టూ ఎరుపు,
ఎరుపు కింద
ఎవరూ అడగని నీలం.

మధ్యాహ్నం చర్చి స్ట్రీటు వెనక సందులో చిన్న హోటలు.
రొట్టె రోకలి మాదిరి వచ్చింది,
విరిస్తే లోపల కొత్త దూది.
క్రెప్ అనేదాన్ని తిప్పి చూసి
"పెనం మీంచి తొందరపడి దించేసిన దోసె" అన్నా.
నాలుక మీద వెన్న కరిగేదాకానే ఆ పొగరు.
ఉల్లిగడ్డల చారు తాగతా అనుకున్నా,
ఇంత ఓపికగా వేయించిన మనిషి ఇంట్లో
గొడవలుండవేమో అని.

తర్వాత పేరు పలకరాని కూర.
వంకాయ, టమాటా చక్రాలుగా తరిగి
నాణేల దొంతర పేర్చినట్టు పేర్చినారు.
నాణేలు అనుకోగానే లోపల లెక్క మొదలైంది:
నిన్న పదిహేను కిలోల బాక్సు నూటాపది,
ఈ ప్లేటులో రెండు కాయలు, ఐదొందల ఇరవై...
షంషాద్ స్పూనుతో నా మణికట్టు మీద ఒకటేసింది.

అయినా ఉండబట్టక పిలగాణ్ణి అడిగినా,
"తమ్ముడూ, ఈ టమాటా ఏ ఊరిది?"
మా ఊరి పేరు వినడానికి చెవులు సిద్ధం చేసుకున్నా.
"కోలార్, మేడమ్."
షంషాద్‌కు పొరబోయింది.
నీళ్ళు తాగి, నా మొహం చూసి, మళ్ళీ నవ్వింది.
నేను పళ్ళెం తుడిచేసినా.
చెప్పకూడదు గానీ, బాగుంది.

ఆదివారం ఆమె లాల్‌బాగ్ అంది, నేను బంగళా అన్నా.
వాచ్‌మన్ గుర్తుపట్టి "తిండి ఆయ్తా?" అన్నాడు.
"బోఁజూర్" అన్నా.
నేర్చుకున్న ఫ్రెంచి అంతా ఆ గేటు దగ్గరే ఖర్చయిపోయింది.
ఆ పండు ముందు ఇద్దరం నిలబడినాం.
"నీలం యాడుంది? నాకు కనబళ్ళా" అని షంషాద్
అద్దాలు తుడుచుకుంటానే ఉంది.

సోమవారం మండీ.
దుమ్ము, లారీలు, వేలంపాట.
సెకండ్సు బాక్సులోంచి ఒక కాయ తీసి
పట్టీల పుస్తకం పక్కన పెట్టుకున్నా.
రేకుల సందులోంచి ఎండ
మెల్లగా దాని దాకా జరుగుతా ఉంటే
చౌడప్ప అరస్తానే ఉన్నాడు,
"మేడమ్, నూటిరవై! రాసుకోండి!"

ఉండు చౌడప్పా, రాస్తా.
నీలం ఇంకా కనబళ్ళా.